సమాధానం మీలోనే కలదు

మధ్యతీర విద్యుత్ పంపిణీ సంస్థలో పనిచేసేవారికి మనసు కూడా ఉంటుందన్న విషయం ఆ సంవత్సరం జూలై పదకొండవ తేదీన, నూట ముప్ఫై ఏడవ నంబరు సర్క్యులర్ ద్వారా అమలులోకి వచ్చింది. అంతకుముందు ఉద్యోగులకు మనసు లేదని కాదు. ఉన్నట్టు ఫైలు లేదు.

సర్క్యులర్ మీద సంతకం చేసినవారు మానవ వనరుల జనరల్ మేనేజరు శ్రీ విశ్వంభరరావుగారు. ఆయన అంతకు నెల క్రితం ఒక చల్లని కొండ ఊరిలో మూడు రోజుల సదస్సుకు వెళ్ళి, మానవతావాద మానసిక చికిత్స అనేదొకటి ప్రపంచంలో ఉందని తెలుసుకుని వచ్చారు. బాధలో ఉన్నవారిని రోగిగా కాక మనిషిగా చూడాలనీ, షరతులు పెట్టకుండా ఆదరించాలనీ, వారి చోట నిలబడి వినాలనీ, వినేవారు నటించకూడదనీ, అలా విన్నప్పుడు ఆ మనిషే తనకు కావలసిన సమాధానాన్ని తన లోపలినుంచి వెతికి తీసుకుంటారనీ ఆ చికిత్స చెబుతుంది. మంచి మాటలే. సంస్థ చేతిలో పడకపోయి ఉంటే మరికొంతకాలం మంచి మాటలుగానే ఉండేవి.

మొదటి మాటలు చెబుతున్నప్పుడు విశ్వంభరరావుగారు వరండాలో ఫోను మాట్లాడుతున్నారు. ఆఖరి మాటకు లోపలికి వచ్చారు.

"సమాధానం మనిషి లోపలే ఉంటుందా?" అని పక్కనున్నాయనను అడిగారు.

"అవునండీ. చికిత్స చేసేవారు బయటినుంచి ఇవ్వరు."

"అయితే మనం ఇవ్వనక్కరలేదన్నమాట!" అని విశ్వంభరరావుగారు డైరీలో రాసుకుని కింద రెండు గీతలు గీశారు.

ఆ రెండు గీతల్లోనుంచి పుట్టిందే సర్క్యులర్. దానిలో ఏడు నిబంధనలు. ఉద్యోగులందరికీ బేషరతు ఆదరణ లభించును, షరతులు అనుబంధం 'ఎ'లో చూడుడు అని ఒకటవది. అధికారులు ప్రతి నెలా మొదటి, మూడవ శనివారాలలో నాలుగు నుంచి ఐదు వరకు సహానుభూతి కలిగి ఉండవలెను అని రెండవది. ఉద్యోగి తనకు తగిన చికిత్సకుని తానే స్వేచ్ఛగా ఎంచుకొనవచ్చును, జాబితా అనుబంధం 'బి'లో కలదు అని మూడవది. అనుబంధం 'బి'లో ఒక్క పేరు ఉంది. నాలుగవది మాత్రం జనరల్ మేనేజరుగారి హృదయంలోనుంచి నేరుగా వచ్చింది: "సమాధానము ఉద్యోగిలోనే కలదు గనుక, ఉద్యోగుల నుండి వచ్చు అర్జీలన్నియు సమాధానమివ్వబడినవిగా భావించబడును."

అయిదూ ఆరూ కమిటీల గురించి. ఏడవ నిబంధనను డివిజనల్ ఇంజనీరు పద్మాకరరావుగారు సూచించారు. ఆయన డివిజన్‌లో ప్రమాదాల మీద విచారణలు ఇరవైమూడు పెండింగులో ఉన్నాయి.

"చికిత్స అయ్యాక ఉద్యోగి తన లోపల ఏ సత్యం కనుక్కుంటే, దాన్ని సంస్థ బేషరతుగా స్వీకరిస్తుందని పెడదాం సార్. స్వీకరించాక ఇక విచారణ ఉండదు," అన్నారాయన.

"ఏం కనుక్కుంటారో అని మీకు భయం లేదా?"

"మనవాళ్ళ లోపల వెతికితే తప్పే దొరుకుతుంది సార్. ఆ మాత్రం శిక్షణ మనం ఇచ్చాం."

ఆగస్టు వచ్చేసరికి సర్క్యులర్ పూర్తిగా వేళ్ళూనుకుంది. రబ్బరు చేతితొడుగులు చిరిగిపోయాయి, కొత్తవి ఇప్పించండి అని రాసిన లైన్ ఇన్‌స్పెక్టరుకు, "భద్రత అనునది అంతరంగ స్థితి. సమాధానం మీలోనే కలదు" అన్న ముద్రతో అర్జీ తిరిగివచ్చింది. నిచ్చెన విరిగిందని రాసినవారికి స్వశక్తితో ఎదగవలసిందిగా సలహా వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పదకొండు రోజులైందని మూడు ఊళ్ళవాళ్ళు కలిసి వస్తే, ఆ రోజు మూడవ శనివారం కావడం చేత సహాయ ఇంజనీరు వారి చేతులు పట్టుకుని, "మీరు చీకట్లో ఉన్నామని అనుభూతి చెందుతున్నారు," అన్నాడు. వాళ్ళు అవునన్నారు. ఆయన రిజిస్టరులో సంతకాలు తీసుకుని, అయిదు కాగానే వెళ్ళిపోయాడు.

ఇలాంటి రోజుల్లో, చిననీలపల్లి సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటరుగా పనిచేసే మజ్జి దమయంతికి మనోవ్యాధి ఉన్నట్టు సంస్థ కనిపెట్టింది.

ఆ వ్యాధి లక్షణాన్ని పద్మాకరరావుగారు ఫైలులో ఇలా వర్ణించారు: "సదరు ఉద్యోగిని ఫీడరుకు సరఫరా పునరుద్ధరించుటకు ముందు, స్తంభము మీద మనిషి ఎవరైనా ఉన్నారా అని అడుగుచున్నది. లేరని చెప్పినను నమ్మక, ఒక మనిషిని పంపి కంటితో చూచి రమ్మనుచున్నది. తద్వారా సగటున ఇరవైరెండు నిమిషముల ఆలస్యము."

ఇది ఆమెకు పుట్టుకతో వచ్చిన వ్యాధి కాదు. మే మూడవ తేదీన వచ్చింది.

లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు వచ్చి లైన్ క్లియర్ తీసుకోవాలి. ఆపరేటరు ఆ తీగకు కరెంటు ఆపి, నంబరు వేసి చీటీ ఇస్తుంది. పని ముగించి దిగి, ఆ చీటీ తెచ్చి ఆమె చేతిలో పెట్టేదాకా ఎవరు చెప్పినా ఆ తీగలోకి కరెంటు వదలకూడదు. చీటీ చిన్నదే. మనిషి ప్రాణం దాని మీద ఉంటుంది. ఆ రోజు ఉదయం సాసుబిల్లి అప్పన్న అనే లైన్‌మన్ రెండువందల పద్నాలుగో నంబరు చీటీ తీసుకుని, "గంటలో వచ్చీస్తానక్కా," అని వెళ్ళాడు. పదకొండూ నలభైకి డివిజనల్ ఇంజనీరుగారి ఫోను వచ్చింది. టౌన్‌లో సభ జరుగుతోంది, పెద్దలు వేదిక ఎక్కారు, మైకు పనిచేయడం లేదు, వెంటనే కరెంటు ఇవ్వాలి.

"సార్, లైన్ క్లియర్ బయట ఉంది. అప్పన్న ఇంకా రాలేదు."

"దిగిపోయాడమ్మా. నాకు కబురు వచ్చింది. వెయ్యి. ఇది నా ఆర్డర్."

దమయంతి ఆ మాటలను టైముతో సహా లాగ్‌బుక్‌లో రాసి, స్విచ్ తిప్పింది. అప్పన్న దిగలేదు. టౌన్‌లో మైకు పలికింది. అది విద్యుత్ భద్రతా వారోత్సవాల సభ.

లాగ్‌బుక్‌ను భద్రపరచు నిమిత్తం డివిజన్ ఆఫీసుకు తీసుకుపోయారు. అది ఎంత భద్రంగా ఉందంటే, ఆ తరవాత ఎవరికీ కనపడలేదు. విచారణ నివేదిక మూడు వాక్యాలలో ముగిసింది: "మృతుడు లైన్ క్లియర్ తీసుకొనకయే స్తంభము ఎక్కినాడు. మృతుడి నిర్లక్ష్యమే ప్రమాదమునకు కారణము. ఈ విషయమై మృతుడు సంజాయిషీ ఇవ్వలేదు." ఆ మొదటి వాక్యం మూలంగా అప్పన్న భార్య పారమ్మకు సంస్థనుంచి రావలసినదేదీ రాలేదు. అది సరే, తాగి ఎక్కాడట అన్న మాట ఊరంతా తిరిగి ఆమె గుమ్మం దాకా వచ్చింది.

దమయంతి నాలుగుసార్లు అర్జీ రాసింది, లైన్ క్లియర్ నేనే ఇచ్చాను అని. నాలుగుసార్లూ అదే ముద్ర పడి తిరిగివచ్చింది. స్విచ్ మీద చెయ్యి వేసినప్పుడల్లా ఆ చెయ్యి ఆమె మాట వినడం మానేసింది. ఎవరో ఒకరు వెళ్ళి చూసివచ్చి స్తంభం మీద మనిషి లేడని చెబితే తప్ప కదిలేది కాదు.

"ఏమ్మా దమయంతీ, సంస్థ నిన్ను మనిషిగా చూడదలచుకుంది. బుధవారం పదింటికి రా," అన్నారు పద్మాకరరావుగారు.

*

అనుబంధం 'బి'లో ఉన్న ఏకైక చికిత్సకుడి పేరు కళ్యాణ చక్రవర్తి. పన్నెండు గంటల కోర్సు చేసి జీవన పరివర్తన నిపుణుడైనాడు. స్టోరు గోడౌన్‌లో తీగచుట్టల మధ్య బల్ల వేసుకుని, బల్ల మీద గంట పెట్టుకుని, ఉద్యోగులను పదిహేను నిమిషాలకొకరి చొప్పున మనుషులుగా చూస్తున్నాడు.

"నమస్కారం. మీకు నా బేషరతు ఆదరణ," అన్నాడు గంట కొట్టి. "హాజరు పట్టీలో సంతకం పెట్టండి. ఇప్పుడు మీ హృదయం విప్పండి."

"నేను లైన్ క్లియర్ ఇచ్చిన మనిషి..."

"నేను! ఎంత గొప్ప ఆరంభం! చాలామంది 'వాళ్ళు' అని మొదలుపెడతారు. మీరక్కడే ఉండండి. ముందుకు పోవద్దు."

"ముందుకు పోకపోతే జరిగినదెలా చెప్పను?"

"జరిగింది గతం. గతానికి మన జాబితాలో చోటు లేదు." అతడు ఒక కాగితం ముందుకు తోశాడు. "మీ లోపలి సత్యం ఏదో మీరే స్వేచ్ఛగా ఎంచుకోండి. నేను ఒత్తిడి చేయను."

ఆ కాగితం మీద, 'జరిగిన ప్రమాదం విషయమై నాలో నేను కనుగొన్నది' అన్న శీర్షిక కింద, టిక్కు పెట్టడానికి మూడు గళ్ళున్నాయి. (అ) నా తప్పు. (ఆ) నా తప్పే. (ఇ) నా తప్పు మాత్రమే.

"నాలుగోది లేదా?"

"నాలుగోది కావాలని మీకనిపిస్తోంది," అన్నాడు చక్రవర్తి ఎంతో సహానుభూతితో.

"అవును, అనిపిస్తోంది."

"అనిపిస్తోంది," అని అతడు మళ్ళీ అని, గంట కొట్టాడు.

దమయంతి టిక్కు పెట్టకుండా బయటికి వచ్చింది. బయట వరసలో ఆమె తోటి ఆపరేటరు సింహాద్రి, తన వంతు ముగించుకుని బీడీ కాలుస్తున్నాడు.

"ఓ టిక్కు ఎట్టీసి వొచ్చీకుండా ఎందుకక్కా ఈ గొడవ? మేమందరం ఎట్టీసినాం. నాను (ఇ) ఎట్టినాను."

"నీకు ఏ ప్రమాదం జరిగిందిరా?"

"నాకేటీ జరగనేదు. హాజరు కోసం."

ఆపరేటరు ఉద్యోగానికి ముఖ్యమైన అర్హత, ఏ కాగితాన్నయినా ఆఖరి అక్షరం దాకా చదవడం. దమయంతి ఆ సాయంత్రం సర్క్యులర్‌ను అనుబంధాలతో సహా చదివింది. ఆరవ నిబంధనలో, సన్నని అక్షరాలతో, 'జాబితాలోని చికిత్సకుడు తనకు సరిపడనిచో ఉద్యోగి వేరొకరిని సూచించవచ్చును. సదరు వ్యక్తి అనుకూలతను కమిటీ నిర్ణయించును' అని ఉంది. సదస్సులో పంచిన కాగితాలనుంచి ఎవరో గుమాస్తా ఎత్తి రాసి ఉంటాడు. అధికారులెవరూ అక్కడి దాకా చదవలేదు.

చెయ్యి కదలడం లేదని నరాల డాక్టరుకు చూపించుకోవడానికి పోయినప్పుడు, మిషన్ ఆసుపత్రిలో ఒక నర్సు ఆమెకు ఒక పేరు చెప్పింది. ఆసుపత్రి వెనక, బట్టలారేసే జాగా పక్కన, ఒక గది. గదిలో రెండు పేము కుర్చీలు, ఒక కూజా. యాభై దాటిన ఎస్తేరు రాణి అనే ఆమె అక్కడ కూర్చుంటుంది. ఆమె తలుపు మీద 'దయచేసి తట్టండి' అన్న మాట తప్ప పరివర్తన ప్రసక్తి ఎక్కడా లేదు.

"మీరేం చదివారో అడగవచ్చా?" అంది దమయంతి. సంస్థలో పనిచేసేవారికి అనుమానం వృత్తిధర్మం.

"తప్పకుండా అడగాలి," అని ఆమె చదువు, శిక్షణ, ఎన్నేళ్ళుగా చేస్తున్నదీ, తన పనిని ఎవరు పర్యవేక్షిస్తారో కూడా చెప్పింది. "రెండు మూడుసార్లు వచ్చి చూడండి. నా దగ్గర మాట్లాడటం మీకు సరిపడకపోతే మొహమాటపడకుండా చెప్పండి. వేరేవారి పేరు నేనే ఇస్తాను."

"మీకు కోపం రాదా?"

"వస్తే అది నేను చూసుకోవలసిన పని. మీ నెత్తిన పెట్టను."

గోడౌన్‌లో అతగాడు ఆమె హృదయం విప్పమన్నాడు. ఈమె తనను తాను పరీక్షకు పెట్టుకుంది. దమయంతి ఆ క్షణంలోనే మూడు ప్రతుల్లో 'అననుకూలతా ప్రకటన' నింపడానికి నిశ్చయించుకుంది.

*

అనుకూలతా నిర్ణయ కమిటీలో ముగ్గురు. విశ్వంభరరావుగారు, పద్మాకరరావుగారు, కొనుగోళ్ళ విభాగంనుంచి గజపతిగారు. గజపతిగారు ముప్ఫై ఏళ్ళుగా స్తంభాలూ వాటి మీది పింగాణీ కప్పులూ కొంటూ వచ్చిన మనిషి. మానసిక చికిత్సకులను కొనడం ఆయనకిదే ప్రథమం. అయినా జంకలేదు.

"నమూనా తెచ్చారా?" అని అడిగారు ఎస్తేరు రాణిని.

"దేని నమూనా?"

"మీరు ఇదివరకు బాగుచేసిన మనిషిని ఒకరిని."

"వారు వస్తువులు కారు గదండీ. ఎవరు వచ్చారో నేను చెప్పకూడదు కూడా."

"గ్యారంటీ ఎన్నాళ్ళు?"

"లేదండీ."

గజపతిగారు 'లేదు' అని రాసుకున్నారు. పద్మాకరరావుగారు గొంతు సవరించుకున్నారు. "మీరు మా ఉద్యోగినికి ఏమేం సలహాలిస్తారు?"

"సలహాలివ్వను. వింటాను."

"ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని చెబుతారా?"

"చెప్పను."

"యాజమాన్యం గురించి?"

"ఆ గదిలో లేనివారి గురించి తీర్పు చెప్పడం నా పని కాదు."

కమిటీ సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వారి ముఖాల్లో ఆశ వెలిగింది.

"నేనొకటి అడగవచ్చా?" అంది ఎస్తేరు రాణి. "ఆమెకు జబ్బని ఎందుకనుకుంటున్నారు?"

"ఇరవైరెండు నిమిషాల ఆలస్యం మేడమ్. స్తంభం మీద ఎవరైనా ఉన్నారేమో చూసి రమ్మని మనిషిని పంపుతుంది," అన్నారు పద్మాకరరావుగారు.

"వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరా?"

"ఉండరు."

గజపతిగారు ఫైలు తిరగేస్తూ, ఎప్పటి అలవాటు ప్రకారం, ఉన్నదున్నట్టు చదివారు. "జూన్ పంతొమ్మిదిన ఒకడున్నాడండీ. జూనియర్ లైన్‌మన్ కొండబాబు. ఆమె పంపిన మనిషి కేకేస్తే దిగాడట."

పద్మాకరరావుగారు ఆ ఫైలు అందుకుని మూసేశారు.

"అతనికి మెమో ఇచ్చాం," అన్నారు పద్మాకరరావుగారు. "స్తంభం మీద ఉండి ఆలస్యానికి కారణమైనందుకు."

ఎస్తేరు రాణిని బయటికి పంపి, కమిటీ అయిదు నిమిషాల్లో నిర్ణయం చేసింది. గజపతిగారు మాత్రం నమూనా లేదు, గ్యారంటీ లేదు అని గొణిగారు.

"గజపతిగారూ, సలహా ఇవ్వదు, తప్పు పట్టదు, నోరు విప్పదు," అన్నారు విశ్వంభరరావుగారు. "ఇంతటి సురక్షితమైన మనిషిని నేను నా సర్వీసులో చూడలేదు. వినడమే గదా, విననీయండి. వినడం వల్ల ఏ సంస్థకైనా ఏం నష్టం జరిగింది?"

ఆ ప్రశ్నకు సమాధానం ఎవరివద్దా లేదు. ఆ సంస్థలో ఎవరూ విని ఎరగరు.

*

మొదటి రెండు వారాలూ దమయంతి ఆ పేము కుర్చీలో కూర్చుని వారోత్సవాల సభ గురించి, లాగ్‌బుక్ గురించి, పద్మాకరరావుగారి గొంతు గురించి చెప్పింది. మూడోవారం ఏమీ చెప్పలేదు. కిటికీ బయట ఆసుపత్రి దుప్పట్లు ఆరుతున్నాయి. ఎస్తేరు రాణి గంట కొట్టలేదు.

"ఒక్క మాట చెప్పండి మేడమ్," అంది దమయంతి చివరికి. "నా తప్పా, కాదా? మీరేదంటే అది. (అ) అన్నా సరే."

"నేను చెబితే మీ చెయ్యి కదులుతుందా?"

దమయంతి తన కుడిచేతిని చూసుకుంది.

"కదలదు."

"ఆ చేతికి ఏం తెలుసో చెప్పండి."

"చీటీ వెనక్కి రాకుండా తిప్పకూడదని తెలుసు. పదిహేనేళ్ళుగా తెలుసు. ఆయన ఆర్డర్ అన్నారు. నేను తిప్పాను. ఆయన అనకపోతే తిప్పేదాన్ని కాదు, అదీ నిజమే. నేను తిప్పకపోతే అప్పన్న బతికేవాడు, ఇదీ నిజమే. ఒకటి చెబితే రెండోది పోతుందేమోనని..."

"రెండూ ఉండనివ్వండి," అంది ఎస్తేరు రాణి. ఆ ఆరు నెలల్లో ఎవరైనా ఆమెకు ఇచ్చిన అనుమతి అదొక్కటే.

దమయంతి ఏడ్చింది. కళ్ళు తుడుచుకున్నాక, "ఈ మాట మీకు చెప్పడం సులువు. చెప్పవలసిన మనిషికి చెప్పలేదు," అంది.

ఎస్తేరు రాణి వెళ్ళమనలేదు, వద్దనలేదు. దమయంతి మర్నాడు తనంత తానే వెళ్ళింది.

పారమ్మ వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. లేవలేదు. కూర్చోమనలేదు. దమయంతి నిలబడే చెప్పింది, స్విచ్ తిప్పింది నేనే, చీటీ ఇచ్చిందీ నేనే, మీ ఆయన నిబంధన ప్రకారమే ఎక్కాడు, తప్పినది నేను, తప్పించినది పై అధికారి.

పారమ్మ చేతిలోని గింజలను చేటలో పడేసింది.

"ఇన్నాళ్ళకి వొచ్చినావా తల్లీ? నిన్ను తిట్టాలని ఎన్ని మాటలు దాసుకున్నాను! ఇప్పుడొక్కటీ గురుతు నేదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "సీటీ అన్నావు, అది నాకాడే ఉంది."

"ఏ చీటీ?"

"ఆడి సొక్కా జేబులోది. ఆసుపత్రోలు సొక్కా ఇచ్చినారు. కాలిపోయిందొక పక్క. అంకె మట్టుకు కనిపిస్తంది."

"నువ్వు ఎవరికీ చూపించలేదా పారమ్మా?"

"ఎవులూ అడగనేదు," అంది పారమ్మ.

*

నవంబరులో సంస్థ తొలి 'స్వీకరణ దినోత్సవం' జరిపింది. చికిత్స ముగించిన ఉద్యోగులు తమ లోపల కనుగొన్న సత్యాలను జనరల్ మేనేజరుగారు వేదిక మీద, పత్రికలవారి సమక్షంలో, బేషరతుగా స్వీకరిస్తారు. ముందురోజు గజపతిగారు ఒక సందేహం వెలిబుచ్చారు. సంతకం పెట్టేముందు ఆ కాగితాలు చదవాలా?

"చదివి స్వీకరిస్తే అది షరతు," అన్నారు విశ్వంభరరావుగారు. "చదవకుండా సంతకం పెట్టడమే బేషరతు. ఆ అలవాటు మనకు ఇదివరకే ఉంది గనుక విడిగా శిక్షణ అక్కరలేదు."

సభలో మైకు మొదటిసారే పలికింది. యాభై ఇద్దరు ఉద్యోగులు వరసగా వచ్చి (అ), (ఆ), (ఇ)లు సమర్పించుకున్నారు. ఒక్కొక్కరికీ ఒక కండువా, ఒక సంతకం, ఒక ముద్ర: 'బేషరతుగా స్వీకరించడమైనది'. యాభైమూడో కాగితం దమయంతిది. అందులో గళ్ళు లేవు. విశ్వంభరరావుగారు నవ్వుతూ కెమెరాల వైపు చూస్తూ సంతకం పెట్టారు. ముద్ర పడింది.

"సార్, అనుబంధం 'సి'లో, నిజాయితీ కొరకు ఉద్యోగి తన సత్యమును తానే చదివి వినిపించవచ్చునని ఉంది," అంది దమయంతి.

"తప్పకుండా అమ్మా! చదువు, చదువు. మనసు విప్పి చదువు."

ఆమె చదివింది. లాగ్‌బుక్ చదివినట్టు, టైములతో సహా చదివింది. మే మూడు, పది నలభైకి లైన్ క్లియర్ నంబరు రెండువందల పద్నాలుగు, సాసుబిల్లి అప్పన్నకు ఇవ్వబడినది. పదకొండూ నలభైకి డివిజనల్ ఇంజనీరుగారి ఫోను. మనిషి దిగలేదని చెప్పాను. దిగాడని వారు చెప్పారు, ఆర్డర్ అని చెప్పారు. చీటీ చేతికి రాకుండా నేను స్విచ్ తిప్పాను. అది నా తప్పు. అడిగినవారికి, అడగనివారికి కూడా అదే చెబుతాను. అప్పన్న తప్పు ఏమీ లేదు. అతని చీటీ ఇది. ప్రతులు: విద్యుత్ తనిఖీ అధికారికి, పోలీసు స్టేషన్‌కు, పారమ్మకు, ఇక్కడ కూర్చున్న పత్రికలవారికి.

మొదటి వరసలో పద్మాకరరావుగారు తన లోపలికి చూసుకుంటున్నట్టు కనిపించారు. మూడో వరసలోనుంచి సింహాద్రి లేచి, మెడలో కండువా తీసి కుర్చీ మీద పెట్టాడు.

"సార్, నా (ఇ) నాకు తిరిగిచ్చీయండి. ఆ రోజు అక్కడ నాను ఉండనేదు."

సంస్థ ఆ స్వీకరణను రద్దు చేయడానికి ప్రయత్నించింది. న్యాయ సలహాదారు పదిహేను రోజులు ఆలోచించి అభిప్రాయం ఇచ్చాడు. బేషరతుగా స్వీకరించినదాన్ని వెనక్కి తీసుకోవాలంటే ఏదో ఒక షరతు చూపాలి. షరతు చూపితే సర్క్యులర్ చెల్లదు. సర్క్యులర్ చెల్లకపోతే ఈలోగా సమాధానమిచ్చినట్టు భావించిన పదకొండువేల అర్జీలకు సమాధానం చెప్పాలి. విశ్వంభరరావుగారు రెండింటిలో చిన్న ప్రమాదాన్ని ఎంచుకున్నారు.

దమయంతికి తన వంతు శిక్ష పడింది. ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఆమె అప్పీలు చేసుకోలేదు. పద్మాకరరావుగారిని సస్పెండు చేసి, పోలీసుల పని పోలీసులు చేస్తుండగా, సర్క్యులర్ ప్రకారం కళ్యాణ చక్రవర్తి వద్దకు చికిత్సకు పంపారు. ఇప్పటికి తొమ్మిది నివేదికలు వచ్చాయి. అధికారి లోపల ఇంతవరకు ఏమియు లభించలేదు, అన్వేషణ కొనసాగుచున్నది అని తొమ్మిదింటిలోనూ ఉంది. కరెంటు ఇచ్చేముందు స్తంభాన్ని కంటితో చూసి రావడాన్ని సంస్థ అన్ని సబ్‌స్టేషన్లలోనూ తప్పనిసరి చేసి, దానికి 'విశ్వంభర పద్ధతి' అని పేరు పెట్టింది. కొండబాబు మెమో మాత్రం ఇంకా నడుస్తోంది.

డిసెంబరులో సవరించిన విచారణ నివేదిక వచ్చింది. ఇదీ మూడు వాక్యాలే. దమయంతి దాన్ని తీసుకుని పారమ్మ వాకిటికి వెళ్ళింది. ఈసారి పారమ్మ పీట వేసింది.

"సదివి ఇనిపించమ్మా."

"'మృతుడు లైన్ క్లియర్ తీసుకొనియే స్తంభము ఎక్కినాడు. చీటీ రూపమున మృతుడి సంజాయిషీ అందినది. సంతృప్తికరముగా ఉన్నది.'"

"అంటే ఏటన్నారు?"

"నీ మొగుడు చెప్పింది నిజమేనన్నారు పారమ్మా."

పారమ్మ ఆ కాగితాన్ని తీసుకుని, దానితో పాటే తిరిగివచ్చిన, ఒక పక్క కాలిన ఆ చిన్న చీటీతో కలిపి మడిచింది.

"ఆడు సెప్పి ఏడు నెల్లయింది కదమ్మా," అంది.